చెక్క బ్లాకుల్లో లెక్కలూ సైన్సూ: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో పిల్లల్ని చేర్చడానికి వచ్చే అమ్మానాన్నలకు మా బాలబడిలో ముందు కనబడేవి గోడ వారగా అరల్లో పేర్చిన చెక్క ముక్కలు. వాటి మీద రంగుల్లేవు, బొమ్మల్లేవు, అక్షరాల్లేవు. "వీటితో ఏం నేర్పుతారండీ?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఇన్నేళ్ళలో మళ్ళీ మళ్ళీ విన్న ప్రశ్నల్నీ, నేను చెబుతూ వచ్చిన జవాబుల్నీ ఇక్కడ రాసి పెట్టాను.

మీరు చెప్పేది ఏ బ్లాకుల గురించి?

మా దగ్గరున్నవి యూనిట్ బ్లాకులు. నున్నగా చిత్రిక పట్టి, రంగు వేయకుండా వదిలేసిన చెక్క ముక్కలు. అసలు ముక్క మందం 3.5 సెంటీమీటర్లు, వెడల్పు 7, పొడవు 14. అంటే మందానికి వెడల్పు రెట్టింపు, వెడల్పుకి పొడవు రెట్టింపు. దీన్నే యూనిట్ అంటాం. దాన్ని అడ్డంగా సగానికి కోస్తే 7 సెంటీమీటర్ల పలక వస్తుంది, అది అరముక్క. రెండు యూనిట్ల పొడవున్నది జోడుముక్క, 28 సెంటీమీటర్లు. నాలుగు యూనిట్లది 56. ఇవి కాక మూల నుంచి మూలకి కోసిన త్రికోణాలు, ఏటవాలు ముక్కలు, స్తంభాలు, గుండ్రటి దిమ్మెలు, కమానులు ఉంటాయి. ఏది పట్టుకున్నా దాని కొలత మరో ముక్కకి సగమో, రెట్టింపో అయి ఉంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన తాపీ మేస్త్రి చేతిలో ఉండే పాత కొలత ఇటుక చూడండి: 9 అంగుళాలు, నాలుగున్నర, 3. పొడవులో వెడల్పు రెండుసార్లు, మందం మూడుసార్లు పడుతుంది. అందుకే ఇటుకని ఎటు తిప్పి పెట్టినా గోడ వరస కుదురుతుంది. పిల్లల బ్లాకులు కూడా అలా ఒకదానికొకటి కుదరాలి. ఒక్కోటి ఒక్కో కొలతలో ఉండే రంగుల ముక్కల డబ్బాతో కాసేపు ఆడుకోవచ్చు గానీ ఈ పొందిక అందులో దొరకదు.

ఆట అంటే ఆటే కదా, ఇందులో లెక్క ఎక్కడుంది?

నాలుగేళ్ళ పాప ఒకతె వంతెన కడుతోంది. రెండు వైపులా జోడుముక్కలు వేసుకుంటూ వచ్చింది. ఒక వైపు ఇంకొకటి కావాలి, అరలో జోడుముక్కలు అయిపోయాయి. కాసేపు అర ముందు నిలబడి చూసింది. రెండు యూనిట్లు తెచ్చి, పక్కపక్కన పెట్టి, అవతలి వైపు ముక్కతో సరితూగాయా లేదా అని వేలితో చివర తడిమి చూసుకుని ముందుకు సాగింది. నోటితో ఒక్క మాట అనలేదు. ఆమె చేసింది సమీకరణం. రెండు సగాలు కలిస్తే ఒకటి అన్నది ఆమెకి చేతి వేళ్ళలో తెలిసిపోయింది. మూడు నాలుగేళ్ళ తర్వాత పలక మీద భిన్నాలు కనబడేటప్పటికి అవి ఆమెకి పాత చుట్టాలు.

ఇంకొకటి చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. రెండు అరముక్కల్ని పక్కపక్కన పెడితే ఒక యూనిట్ అవుతుంది, పొడవుగా, బల్లపరుపుగా. అవే రెండింటిని ఒకదాని మీద ఒకటి పెడితే ఘనం అవుతుంది, పాచికలా. ఏ దాంట్లో చెక్క ఎక్కువుందని అడిగితే నాలుగేళ్ళ పిల్లలు చాలామంది పొడుగ్గా ఉన్నదాన్నే చూపిస్తారు. ఐదారేళ్ళకి వాదనలు మొదలవుతాయి. ఏడేళ్ళవాళ్ళు "అవే కదా టీచర్!" అని విసుక్కుంటారు. ఆకారం మారినా పరిమాణం మారదన్న ఈ ఎరుక పిల్లల్లో ఎప్పుడు, ఎలా కుదురుకుంటుందన్నదాన్ని స్విట్జర్లాండ్‌లో జాన్ పియాజే ఏళ్ళ తరబడి పరిశీలించాడు. మీరు లెక్కే వేసి చూడండి: 14ని 7తో, దాన్ని 3.5తో గుణిస్తే 343. ఘనం వైపు 7ని 7తో, మళ్ళీ 7తో గుణించినా 343.

పశువుల కొట్టం కట్టే పిల్లలు చుట్టుకొలతా వైశాల్యం ఒకటి కావని తెలుసుకుంటారు. పన్నెండు ముక్కలతో దడి కడితే, పొడవుకి ఐదు, అడ్డానికి ఒకటి పెట్టినప్పుడు లోపల ఐదు గడుల చోటు వస్తుంది. నాలుగు వైపులా మూడేసి పెడితే తొమ్మిది గడులు. ముక్కలవే, ఆవులు మాత్రం రెండోదాంట్లోనే పడతాయి. ఇది చెప్పిస్తే వచ్చేది కాదు, ఆవు పట్టక బయట మిగిలిపోతే తెలిసేది.

లెక్కించడం సంగతి సరేసరి. ప్రతి స్తంభం మీదా ఒక పలక, ప్రతి గదికీ ఒక గుమ్మం. ఒకటికి ఒకటి జతపరచడం రానిదే అంకెలు వల్లె వేసినా లెక్క రాదు. నూరు దాకా గడగడా చెప్పి, ఏడు చింతగింజలు లెక్కపెట్టమంటే తడబడే పిల్లలు మీకూ తెలిసే ఉంటారు.

మరి సైన్సు?

సైన్సుకి మొదటి మెట్టు, అనుకున్నది ఒకటి, అయింది ఒకటి అని తేటగా చూడగలగడం. బ్లాకులు ఆ తేడాని వెంటనే చూపిస్తాయి. గోపురం కూలితే కూలినట్టే. "చాలా బాగుంది కన్నా" అని మనం ఎంత మెచ్చుకున్నా అది నిలబడదు. తప్పో ఒప్పో చెప్పేది టీచర్ కాదు, చెక్కే. అందుకే పిల్లలు చిన్నబుచ్చుకోకుండా మళ్ళీ కడతారు.

ఏం నేర్చుకుంటారంటే: కింద వెడల్పుగా ఉంటే పైన నిలుస్తుంది. ముక్క సగానికి మించి బయటికొస్తే పడిపోతుంది. బయటికి చాచాల్సిందే అయితే వెనక బరువు పెట్టాలి. గోడలో అతుకు మీద అతుకు వస్తే గోడ చీలిపోతుంది, వరస మార్చి వేస్తే గట్టిగా ఉంటుంది. మేస్త్రులకి గురువులు నేర్పే ఈ చివరి సంగతిని మా బడిలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఏటా కొత్తగా కనుక్కుంటారు.

ఏటవాలు ముక్క మీదుగా గోలీ వదలడం ఇంకో పాఠం. వాలు పెంచితే గోలీ దూరం పోతుంది. వాలు మీద గోనెపట్టా పరిస్తే నెమ్మదిస్తుంది. ఐదేళ్ళవాళ్ళు చాలామంది వాలూ, గోలీ, పట్టా అన్నీ ఒకేసారి మార్చేస్తారు. అప్పుడు "దేనివల్ల ఎక్కువ దూరం పోయింది?" అని అడిగితే ఆలోచనలో పడతారు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలన్న నియమం అక్కడ పుడుతుంది. ప్రయోగశాలలో పెద్దవాళ్ళు పాటించేదీ అదే.

1970లలో ఆనెట్ కార్మిలాఫ్-స్మిత్, బార్బెల్ ఇన్‌హెల్డర్ జెనీవాలో చేసిన ఒక ప్రయోగం గురించి తెలిసిన దగ్గర్నుంచీ నేను పిల్లల్ని చూసే తీరు మారింది. సన్నటి పట్టీ మీద ముక్కల్ని అటూ ఇటూ వాలకుండా నిలబెట్టమన్నారు. కొన్ని ముక్కలు మామూలువి. కొన్నింటిలో ఒక చివర కనబడకుండా బరువు దాచారు. నాలుగేళ్ళ పిల్లలు చేతికి తగిలే బరువుని బట్టి అటూ ఇటూ జరుపుతూ అన్నింటినీ నిలబెట్టేశారు. ఆరేళ్ళవాళ్ళు మాత్రం ప్రతిదాన్నీ సరిగ్గా మధ్యలోనే పెట్టారు. బరువు దాచిన ముక్కలు పడిపోతే "ఇవి నిలబడవు" అని పక్కన పడేశారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళవాళ్ళు మళ్ళీ అన్నింటినీ నిలబెట్టారు, ఈసారి కారణం తెలిసి. మధ్యలో ఆ ఆరేళ్ళ పిల్లలు వెనకబడినట్టు కనబడతారు గానీ నిజానికి వాళ్ళ బుర్రలో మొదటిసారి ఒక సిద్ధాంతం పుట్టింది. అది ఇంకా పూర్తి కాలేదు, అంతే. నిన్నటిదాకా చేసిన పని మీ అమ్మాయి ఇవాళ చేయలేకపోతుంటే కంగారుపడకండి. లోపల ఏదో కొత్తది కుదురుకుంటోందేమో చూడండి.

మన ఇళ్ళలో ఇలాంటి ఆటలు ఇదివరకు లేవా?

ఎందుకు లేవు! ఏడు పెంకులాటలో పెద్ద పెంకు అడుగున, చిన్నది పైన పెట్టాలని ఎవరు చెప్పారు? బంతి తగిలేలోగా పేర్చాలి కాబట్టి చేతికే తెలుస్తుంది. తడి ఇసకలో పాదం పెట్టి, పైన ఇసక తట్టి, మెల్లగా పాదం లాగేస్తే నిలిచే పిచ్చుక గూడు ఒక కమాను. ఎండు ఇసకతో గూడు నిలవదు. రేణువుల్ని పట్టి ఉంచడానికి కాస్త తడి కావాలి, మరీ ఎక్కువైతే జారిపోతుంది. అగ్గిపెట్టెల రైలు, పేకమేడ, సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్లు, అన్నీ ఆ కోవలోవే.

వరంగల్ వైపు వెళ్ళినప్పుడు పిల్లల్ని పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్ళండి. 1213 నాటి ఆ గుడి విమానం కట్టడానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద రాతి బరువు, పైన తేలిక. మా పిల్లలు స్పాంజి ముక్కలు పైనా, చెక్క ముక్కలు కిందా పెట్టి కట్టి చూశారు, తర్వాత తలకిందులు చేసి కట్టారు. రెండోది ఎంతసేపు నిలిచిందో మీరే ఊహించుకోండి.

ఏ వయసులో ఏం కట్టాలి?

"కట్టాలి" అని ఏమీ లేదు గానీ ఒక వరస మాత్రం కనబడుతుంది. న్యూయార్క్‌లో చిన్నపిల్లల బడి నడిపిన హ్యారియట్ జాన్సన్ దీన్ని గమనించి 1933లో రాసి పెట్టారు. ముందు పిల్లలు ముక్కల్ని ఊరికే మోస్తారు. ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి. తర్వాత వరసగా పేర్చడం, ఒకదాని మీద ఒకటి ఎక్కించడం. ఆ తర్వాత రెండు ముక్కలు ఎడంగా పెట్టి పైన ఒకటి వేయడం, అదే వంతెన. ఆపైన నాలుగు వైపులా మూసి ఆవరణ కట్టడం, అలంకారాలు, అటూ ఇటూ ఒకేలా ఉండేలా కట్టడం. కట్టినదానికి పేరు పెట్టడం ఆ తర్వాత వస్తుంది. చివరికి ముందే అనుకుని, రైల్వే స్టేషనో, రైతుబజారో కట్టడం.

వంతెన దగ్గర పిల్లలు చాలాసేపు ఆగుతారు. రెండు స్తంభాల మధ్య దూరం పై ముక్క పొడవు కంటే తక్కువ ఉండాలి. ఇది తెలియడానికి కొందరికి రోజులు పడుతుంది. దయచేసి ఆ స్తంభాల్ని మీరు దగ్గరికి జరపకండి.

పసిపిల్లల్లోనే దీనికి పునాది ఉంది. అమెరికాలో రెనే బైయార్జాన్ బృందం చూపించినదాని ప్రకారం, మూడు నెలల పాప కూడా ఏ ఆధారమూ లేకుండా గాలిలో ఆగిన పెట్టెను వింతగా చూస్తుంది. ఆరున్నర నెలలకి, పెట్టె అడుగు ఎంత మేరకు ఆనిందన్నది కూడా పట్టించుకుంటుంది.

మావాడు కట్టడు, పడగొట్టడమే. ఏం చేయాలి?

రెండేళ్ళవాడైతే పడగొట్టనివ్వండి. చెయ్యి తగిలితే కూలుతుంది, అడుగున కొడితే ఒకలా, పైన కొడితే ఇంకోలా కూలుతుంది. వాడు చేస్తున్నది అదే పరిశోధన. నాలుగేళ్ళు దాటి, పక్కవాళ్ళు కట్టినవి పడగొడుతుంటే అది వేరు. మా బడిలో ఉన్న నియమం ఒకటే: ఎవరు కట్టారో వాళ్ళే పడగొట్టాలి.

ఈ బ్లాకులు ఎవరు కనిపెట్టారు?

జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో బాద్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల కోసం ఒక ఆటల సంస్థ పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు, పిల్లల తోట అని అర్థం. ఆయన తయారుచేసిన ఆటవస్తువుల్ని కానుకలు అనేవాడు. మూడో కానుక ఒక చెక్క ఘనం. విడదీస్తే ఎనిమిది చిన్న ఘనాలు. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, వైపు రెట్టింపైతే ముక్కలు రెండు కాదు, ఎనిమిది కావాలన్న సంగతి అందులో ఉంది. అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా ప్రభుత్వం 1851లో ఈ బడుల్ని నిషేధించింది, 1860 దాకా ఆ నిషేధం పోలేదు. చిన్నపిల్లల ఆటకి ఒక ప్రభుత్వం భయపడిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

యూనిట్ బ్లాకులు న్యూయార్క్‌లో కెరోలిన్ ప్రాట్ చేసినవి. ఆమెకి చెక్కపని బాగా తెలుసు. 1914లో మొదలుపెట్టిన తన బడిలో ఈ ముక్కల్నే పాఠాలకి కేంద్రం చేసింది. ఆ కొలతలతో ఇవాళ ఎవరైనా చేయించుకోవచ్చు.

మన దగ్గరికి మరియా మాంటిసోరి 1939లో వచ్చారు. మద్రాసు అడయారులో టీచర్లకి శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల తిరిగి వెళ్ళలేక 1946 దాకా మన దేశంలోనే ఉన్నారు, కొంతకాలం కొడైకెనాల్‌లో. ఆమె గులాబీ గోపురం గురించి చివర్లో చెబుతాను.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి? బ్లాకులతో ఆడితే మార్కులు పెరుగుతాయా?

అమెరికాలో నాలుగు నుంచి ఏడేళ్ళ వయసున్న 847 మంది పిల్లల్ని పరిశీలించి జేమీ జీరౌట్, నోరా న్యూకోంబ్ 2015లో వివరాలు ప్రచురించారు. బ్లాకులు, పజిళ్ళు, బల్ల మీద ఆడే ఆటలు తరచుగా ఆడే పిల్లలు ఆకారాల్ని మనసులో తిప్పి, కూర్చి చూసే పరీక్షలో మెరుగ్గా చేశారు. బ్రయన్ వెర్డీన్ బృందం 2014లో చూపించింది ఏమంటే, మూడేళ్ళ వయసులో ఒక చిన్న కట్టడాన్ని చూసి అచ్చంగా అలాగే కట్టగల పిల్లలకి ఆ వయసు లెక్కలు కూడా బాగా వచ్చాయి. 2001లో చార్లెస్ వుల్ఫ్‌గాంగ్ బృందం ప్రచురించినది ఇంకా ఆసక్తికరం. బాలబడిలో బ్లాకులతో బాగా కట్టిన పిల్లలకి మూడో తరగతిలోనూ ఐదో తరగతిలోనూ తేడా ఏమీ కనబడలేదు. ఏడో తరగతిలో, ఆపైన హైస్కూల్లో కనబడింది. బీజగణితం, రేఖాగణితం మొదలయ్యే చోటు అది.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇవన్నీ రెండూ కలిసి ఉన్నాయని చూపించినవే, ఒకదానివల్లే రెండోది వచ్చిందని కాదు. చివర చెప్పినదాంట్లో పిల్లల సంఖ్య కూడా తక్కువ. మార్కుల కోసమే బ్లాకులు కొనేట్టయితే నేను హామీ ఇవ్వలేను. నేను చూసింది ఏమిటంటే, గంటసేపు ఒక వంతెనతో కుస్తీ పట్టిన పిల్లలు చిక్కు లెక్క ఎదురైతే వెంటనే చేతులెత్తేయరు.

చెక్కవి మంచివా, లెగో మంచిదా?

రెండూ కావాలి, వయసుని బట్టి. లెగో డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో పుట్టింది. ఇప్పుడు మనం చూసే బిగుసుకునే ఇటుకకి 1958లో పేటెంట్ తీసుకున్నారు. దాన్లోనూ లెక్క ఉంది: పలచటి ముక్కలు మూడు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు. రెండు వరసల్లో నాలుగేసి బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు రెండు తీసుకుంటే 24 రకాలుగా కలపొచ్చు. ఆరు తీసుకుంటే 91,51,03,765 రకాలుగా.

కానీ అవి బిగుసుకుంటాయి. చెక్క ముక్కని పట్టి ఉంచేది దాని బరువూ, నిలిచిన తీరూ మాత్రమే. సమతూకం నేర్పడంలో చెక్కకి సాటి లేదు. ఐదేళ్ళ దాకా చెక్క, తర్వాత రెండూ అన్నది నా అభిప్రాయం. లెగో కొంటే పెట్టె మీది బొమ్మ ఒకసారి కట్టాక విడదీసి, కాగితం దాచేయండి. మాదిరి చూసి కట్టడం ఒక నేర్పే, అక్కడే ఆగిపోకూడదు.

ఫోన్‌లో బ్లాకుల ఆట గురించి కూడా అడుగుతారు. తెర మీది ముక్కకి బరువు లేదు. ఆరేళ్ళలోపు పిల్లలకి నేను వద్దనే చెబుతాను.

ఖరీదు ఎక్కువ కదా, ఇంట్లో చేయించుకోవచ్చా?

తప్పకుండా. మా బడివి మా వీధి వడ్రంగి చేసినవే. తలుపు చట్రాలకి కోయగా మిగిలిన టేకు ముక్కలు. వేప, మామిడి చెక్కలతో కూడా చేయొచ్చు గానీ బాగా ఆరినదై ఉండాలి. పచ్చి చెక్క ఎండాక వంకర తిరుగుతుంది, కొలత తప్పుతుంది.

వడ్రంగికి గట్టిగా చెప్పాల్సింది ఒకటే: కొలత మిల్లీమీటరు కూడా తేడా రాకూడదు. మాకు మొదటి విడత వచ్చిన ముక్కల్లో కొన్ని 14 సెంటీమీటర్లకి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువొచ్చాయి. ఒక్కోటిగా చూస్తే తెలియలేదు. ఐదు ముక్కలు పేర్చేసరికి ఒక గోడ పక్కదానికంటే సెంటీమీటరు కురచ. పిల్లలు తమ తప్పేమో అనుకుని మళ్ళీ మళ్ళీ పేర్చుకున్నారు. ఆ బాధ చూడలేక మొత్తం మళ్ళీ చేయించాను. ఇంకో కిటుకు: కోసేటప్పుడు రంపం కూడా కొంత చెక్క తినేస్తుంది. యూనిట్‌ని కోసి రెండు అరముక్కలు చేస్తే అవి రెండూ కలిసి యూనిట్ అవ్వవు. విడిగా కొలిచి కోయాలి.

అంచులు ఉప్పుకాగితంతో బాగా రుద్దించండి, మూలలు గుచ్చుకోకూడదు. రంగు, వార్నిషు వద్దు. ఒక బిడ్డకి యూనిట్లు ఇరవై, అరముక్కలు పది, జోడుముక్కలు పది, నాలుగింతలవి రెండు, త్రికోణాలూ స్తంభాలూ కొన్ని ఉంటే మొదలుపెట్టొచ్చు. ముక్కలు మరీ తక్కువైతే ఆట అందుకోదు.

అదీ వీలుకాకపోతే ఖాళీ అగ్గిపెట్టెలు పోగుచేయండి. ఒకే కంపెనీవి, ఒకే కొలతవి. సబ్బు పెట్టెలూ పనికొస్తాయి. అనకాపల్లి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసే బొమ్మలు ఎలాగూ మనకున్నాయి. వాటిని బ్లాకుల పట్నంలో మనుషులుగా, బళ్ళుగా నిలబెడితే కథ కూడా వచ్చి చేరుతుంది.

చిన్నపిల్లలకి ప్రమాదం లేదా?

మూడేళ్ళలోపు బిడ్డ ఉన్న ఇంట్లో చిన్న ముక్కలు ఉండకూడదు. బొమ్మల ముక్కలు మింగేంత చిన్నవా అని పరీక్షించడానికి వాడే గొట్టం లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. దాంట్లో పూర్తిగా ఇమిడే ముక్క ఏదైనా పసిపిల్లల గొంతుకి ప్రమాదమే. అయస్కాంతాలున్న పలకలు కొంటే అవి పగలకుండా ఉన్నాయో లేదో తరచూ చూడండి. బయటపడ్డ అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, అది ప్రాణం మీదికి వస్తుంది. అలా జరిగిందని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మన దేశంలో అమ్మే బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కొనేటప్పుడు చూసి కొనండి.

పక్కన కూర్చుని నేను ఏం మాట్లాడాలి?

ముందు కాసేపు ఏమీ మాట్లాడకండి. చూడండి.

తర్వాత పరీక్ష పెట్టినట్టు అడగొద్దు. "ఇదేం రంగు? ఇవెన్ని?" అంటే ఆట ఆగిపోతుంది. చూసింది చూసినట్టు చెప్పండి: "పొడుగుది అడ్డంగా పెట్టావే. ఇప్పుడు రెండు గోడల మీదా ఆనింది." ఇలా చెబుతుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. పైన, కింద, నడుమ, వార, అంచు, మూల, ఎదురుగా, నిలువు, అడ్డం, ఏటవాలు, ఎడంగా, ఆనించి. తెలుగులో వీటికి కొదవ లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలతో కూడా ఇంట్లో ఈ మాటలు తెలుగులోనే మాట్లాడండి. చోటు గురించిన మాటలు ఎంత బాగా వస్తే చోటు గురించిన ఆలోచన అంత చురుగ్గా సాగుతుంది. అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న ఇళ్ళలో అమ్మమ్మ వీడియో కాల్‌లో చూస్తూ "ఆ మూలకి ఇంకొకటి ఆనించమ్మా" అంటే, తెలుగుకి తెలుగూ, లెక్కకి లెక్కా.

కొలతలకి స్కేలు ఇవ్వకండి, చెయ్యి ఇవ్వండి. గోడ ఎన్ని జానలు? రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. పాప జానకీ నాన్న జానకీ గోడ పొడవు వేరేగా వస్తుంది. "ఎందుకలా?" అని పాపే అడుగుతుంది. అందరికీ ఒకటే కొలత ఎందుకు కావాలో అప్పుడు చెప్పొచ్చు, అప్పటిదాకా స్కేలుకి అర్థం లేదు.

ఇంట్లో ఇలా ఆడుతుంటే రాయడం, చదవడం వెనకబడదా? ఎల్‌కేజీలోనే పక్కింటివాళ్ళమ్మాయి కూడికలు చేస్తోంది.

ఈ భయం నాకు అర్థమవుతుంది. ఫీజులు కడుతున్నప్పుడు నోటుబుక్కు నిండితేనే ఏదో నేర్చుకున్నట్టు అనిపిస్తుంది. కానీ 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటతో, చేతిపనితో సాగాల్సిన పునాది దశ అనే చెప్పింది. ఆ వయసు పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో బొమ్మలు, పజిళ్ళు, ఆటల పెట్టెను విడుదల చేసింది. మీ అంగన్‌వాడీలోనో బడిలోనో అలాంటి పెట్టె బీరువాలో ఉంటే, బయటికి తీసి పిల్లలకి ఇమ్మని మర్యాదగా అడగండి. బీరువాలో ఉన్న బొమ్మ ఎవరికీ ఏమీ నేర్పదు.

రాయడానికి వేళ్ళలో పట్టు కావాలి. రోజుకి ముప్పావుగంట ముక్కలు మోసి, సరిచేసి పెట్టిన చేతికి అది వస్తుంది. తర్వాత పెన్సిలు పట్టించడం తేలిక.

ఆడపిల్లలకి ఇష్టం ఉంటుందా?

ఇస్తే ఉంటుంది. మా బడిలో ఒక సంక్రాంతికి ఆడపిల్లలు నలుగురు బ్లాకులతో కొలువు మెట్లు కట్టారు. మొదటి మెట్టుకి ఒకటి, రెండోదానికి రెండు, అలా ఐదు మెట్లు. పదిహేను ముక్కలు పట్టాయి. అవతలి వైపు కూడా కావాలని ఇంకో పదిహేనుతో అలాంటివే కట్టి, ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదానికి ఆనిస్తే ఏమవుతుందని ఒక పిల్ల చేసి చూసింది. ఐదు వరసలు, ఒక్కో వరసలో ఆరు. నిండైన గోడ. ఒకటి నుంచి ఏ అంకెదాకా కూడాలన్నా హైస్కూల్లో చెప్పే సూత్రం అదే. ఆమెకి సూత్రం తెలియదు, గోడ తెలుసు.

ఆట అయ్యాక సర్దేదెవరు?

కట్టినవాళ్ళే. అరల్లో ఏ ముక్క ఎక్కడో ఆ ఆకారాన్ని కాగితం మీద గీసి అంటించండి. గోనెసంచిలో కలిపి పోస్తే మర్నాడు ఎవరికీ ఏదీ దొరకదు. వీలైతే కట్టడాన్ని రెండు మూడు రోజులు అలాగే ఉంచండి, నిన్నటి పని మీద ఇవాళ ఇంకొంచెం కడతారు.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఇంకా పనికొస్తాయా?

ఇప్పుడే అసలు రుచి. మూడు చెప్పి వదిలేస్తాను.

ఒకటి, అగ్గిపుల్లలూ, సైకిల్ వాల్వు ట్యూబూ. సన్నటి రబ్బరు గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి అగ్గిపుల్లల్ని కలిపే పద్ధతిని అరవింద్ గుప్తా దేశమంతా తిరిగి పిల్లలకి చూపించారు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి మూల నొక్కితే వాలిపోతుంది. మూడింటితో త్రికోణం చేస్తే ఎంత నొక్కినా కదలదు. గోదావరి మీది ఇనప వంతెనల్లో అన్ని త్రికోణాలు ఎందుకున్నాయో ఇక చెప్పక్కర్లేదు.

రెండు, మాంటిసోరి గులాబీ గోపురం. ఒక సెంటీమీటరు ఘనం నుంచి పది సెంటీమీటర్ల ఘనం దాకా పది. మూడేళ్ళ పిల్లలు పెద్దది కింద, చిన్నది పైన పెట్టి ఆడుకుంటారు. గోపురం ఎత్తు 1 నుంచి 10 దాకా కూడితే వచ్చే 55 సెంటీమీటర్లు. ఇప్పుడు మీ అబ్బాయిని అన్ని ఘనాల ఘనపరిమాణాలూ కూడమనండి. 1, 8, 27, 64, అలా 1000 దాకా. మొత్తం 3025 వస్తుంది. అది 55ని 55తో గుణిస్తే వచ్చేది. అంటే ఆ గోపురంలోని చెక్కనంతా ఒక సెంటీమీటరు మందాన పరిస్తే సరిగ్గా గోపురమంత పొడవూ వెడల్పూ ఉన్న చదరం అవుతుంది. మూడే ఘనాలతో చేసినా, ఇరవైతో చేసినా ఇలాగే కుదురుతుంది. ఎందుకో వాడినే కనుక్కోనివ్వండి.

మూడు, బల్ల అంచు దాటి ఎంత దూరం చాచగలం అన్న పందెం. యూనిట్ ముక్కలు ఐదు తీసుకోండి. అన్నిటికంటే పైది దాని కిందిదాని మీద సగం మేర, అంటే 7 సెంటీమీటర్లు బయటికి. ఆ కిందిది దాని కిందిదాని మీద నాలుగో వంతు, మూడున్నర. తర్వాత ఆరో వంతు, ఎనిమిదో వంతు, చివరి ముక్క బల్ల మీద నుంచి పదో వంతు. కూడితే దాదాపు 16 సెంటీమీటర్లు. ముక్క పొడవు 14 మాత్రమే. పై ముక్క పూర్తిగా బల్ల దాటి గాలిలో ఉంటుంది, కింద నేల తప్ప ఏమీ లేదు. లెక్క ప్రకారం నాలుగు ముక్కలతోనే దాటుతుంది గానీ మిగిలేది అర సెంటీమీటరే, ఊపిరి తగిలినా పడుతుంది. ఐదింటితో మొదలుపెట్టండి. ఒక్కో దూరం వెంట్రుకవాసి తగ్గించి పెట్టమనండి, ఫ్యాను ఆపేయండి.

మా దగ్గర నాలుగేళ్ళప్పుడు వంతెనలు కట్టిన పిల్లాడు ఒకడు తొమ్మిదో తరగతిలో ఉండగా వచ్చి ఇది కట్టి చూపించాడు. ఎనిమిదోసారికి నిలిచింది. చుట్టూ చేరిన చిన్నపిల్లల్లో ఒకతె బల్ల కిందికి దూరి, పై ముక్క అడుగున చెయ్యి ఆడించి చూసింది, ఎవరైనా పట్టుకున్నారేమో అని.